పెద్ద ఫ్యాక్టరీలో నాలెడ్జ్ మేనేజ్‌మెంట్: పోర్టల్ కొనే ముందు చేయాల్సిన పని

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి. కాకినాడ చుట్టుపక్కల మూడు ప్లాంట్లు, తణుకు వైపు ఒకటి. కాంట్రాక్టు వాళ్లతో కలిపి వేలల్లో మనుషులు. మూడు నాలుగేళ్లలో పాత తరం ఆపరేటర్లు, ఫోర్‌మన్లు చాలామంది రిటైర్ అయిపోతున్నారు. వాళ్ల అనుభవం కంపెనీలోనే మిగిలేలా చూడమని యాజమాన్యం మీకు నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ బాధ్యత అప్పగించి ఏడాది గడువు ఇచ్చింది. కన్సల్టెంట్ ఒక పోర్టల్, అంటే డాక్యుమెంట్లన్నీ ఒకేచోట పెట్టి వెతుక్కునే సాఫ్ట్‌వేర్, చూపించారు. అంతకుముందు మీరే పెట్టిన షేర్డ్ ఫోల్డర్‌ను ఎవరూ తెరవడం లేదు. పోర్టల్ కొనాలా, ఎక్కడ మొదలుపెట్టాలి, యాజమాన్యానికి ఫలితం ఎలా చూపించాలి అని అడిగారు.

పోర్టల్ ఇప్పుడే కొనకండి. ఒక ప్లాంటు ఎంచుకోండి. అందులో ఒక సెక్షన్, ఆ సెక్షన్‌లో ఏటా డబ్బు పోగొడుతున్న ఒక సమస్య చాలు. ఆ సమస్య వచ్చినప్పుడు అందరూ ఎవరి మొహం చూస్తారో ఆ మనిషిని పట్టుకోండి. రేపు ఆయన స్థానంలో నిలబడబోయే కుర్రాడిని ఆయన పక్కన పెట్టండి. ఇద్దరి మధ్య నడిచే మాటను ఒక పేజీ తెలుగులోకి తెచ్చి, ఆ మెషీన్ దగ్గరే అందుబాటులో ఉంచండి. తర్వాతిసారి సమస్య వచ్చినప్పుడు ఆ పేజీ పనికొచ్చిందో లేదో చూడండి. అది పనిచేశాకే రెండో సమస్య, రెండో సెక్షన్. పోర్టల్ సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

నేను చక్కెర మిల్లులో షిఫ్ట్ కెమిస్ట్‌గా మొదలుపెట్టి, తర్వాత కాకినాడ తీరంలో వంటనూనె రిఫైనరీల్లో ఎక్కువ కాలం పనిచేసినవాడిని. చివరి ఏళ్లలో మీకు అప్పగించిన పనే నాకూ అప్పగించారు. అందుకే ఉదాహరణలన్నీ నూనె, చక్కెర నుంచే వస్తాయి. మీది వేరే పరిశ్రమ అయినా విషయం మారదు.

ముందు పోర్టల్ ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. సాఫ్ట్‌వేర్ చెడ్డదని కాదు. పోర్టల్ కొన్న మరుక్షణం అందరి దృష్టి దాన్ని నింపడం మీదకు పోతుంది. ప్రతి డిపార్ట్‌మెంటుకూ నెలకు ఇన్ని డాక్యుమెంట్లు అని టార్గెట్ పెడతారు. అప్పుడు వచ్చేవి ఏమిటి? మెషీన్ సప్లయర్ ఇచ్చిన మాన్యువల్ స్కాన్లు, ఆడిట్ కోసం రాసిన ఎస్‌ఓపీలు (పని ఎలా చేయాలో చెప్పే కాగితాలు), ట్రైనింగ్ స్లైడ్లు. ఇవన్నీ మీ దగ్గర ఇప్పటికే ఉన్నవే. రిటైర్ అవుతున్న మనిషితో పాటు గేటు దాటిపోయేది వాటిలో ఎక్కడా ఉండదు. మీ షేర్డ్ ఫోల్డర్‌ను ఎవరూ తెరవకపోవడానికి కారణం బద్ధకం కాదు. అర్ధరాత్రి రెండింటికి పంపు ట్రిప్ అయి ఆగిపోయినప్పుడు కావాల్సిన మాట అందులో లేదు, అంతే.

గేటు దాటిపోయేది ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాను.

పామాయిల్ రిఫైనింగ్‌లో చివరి దశ డీఓడరైజర్. నూనెను 240 నుంచి 260 డిగ్రీల వేడిలో, 2 నుంచి 4 మిల్లీబార్ల వాక్యూమ్‌లో పెట్టి, అందులోకి ఆవిరి పంపి వాసననూ కొవ్వు ఆమ్లాలనూ తీసేస్తారు. ఆ వాక్యూమ్ స్టీమ్ ఎజెక్టర్లతోనూ (వేగంగా దూసుకెళ్లే ఆవిరితో లోపలి గాలిని, ఆవిరిని లాగేసేవి) బారోమెట్రిక్ కండెన్సర్‌తోనూ (ఆ ఆవిరిని చల్లటి నీటితో కలిపి నీరుగా మార్చేది) వస్తుంది. కండెన్సర్‌కు వెళ్లే నీరు కూలింగ్ టవర్ నుంచి వస్తుంది. ఇంతవరకు ఏ మాన్యువల్‌లోనైనా ఉంటుంది.

మాన్యువల్‌లో లేనిది మే నెల మధ్యాహ్నం. మన డెల్టాలో, అందులోనూ సముద్రం ఒడ్డున, ఎండ కంటే ఉక్క ఎక్కువ. గాలిలో తేమ ఉన్నప్పుడు కూలింగ్ టవర్ ఎంత పెద్దదైనా నీటిని ఒక హద్దు దాటి చల్లార్చలేదు. నీరు 28 డిగ్రీల దగ్గర ఉంటే దాని ఆవిరి పీడనం సుమారు 38 మిల్లీబార్లు. 34కు వెళితే సుమారు 53. కండెన్సర్‌లో పీడనం అంతకంటే కిందకు దిగదు కాబట్టి, డీఓడరైజర్ నుంచి ఆవిరిని లాగి ఆ పీడనం దాకా నెట్టాల్సిన, దాని ముందున్న ఎజెక్టర్ ఆ మేరకు ఎక్కువ బరువు మోయాలి. ఒక దశలో మోయలేక వదిలేస్తుంది. వాక్యూమ్ ఒక్కసారిగా పడిపోతుంది. నూనె రంగు చెడుతుంది, కొవ్వు ఆమ్లం దిగదు, ఆ నూనె మొత్తం మళ్లీ మొదటి నుంచి రిఫైన్ చేసుకోవాలి.

ఒక ప్లాంటులో ఇది ఏటా వేసవిలో జరిగేది, ఒక్క షిఫ్ట్‌లో తప్ప. ఆ షిఫ్ట్ ఆపరేటర్ కోనసీమ మనిషి, అందరూ మేస్త్రి గారు అనేవాళ్లు. ఆయనను ఏం చేస్తున్నారని అడిగితే ‘ఏముందండి, చూసుకుంటూ ఉంటాం’ అనేవారు. ఆ సమాధానం విని చాలామంది ఇంజనీర్లు వెనక్కు వెళ్లిపోయారు. ఒక ట్రైనీ కుర్రాడిని వేసవి అంతా ఆయన వెంటే తిప్పాం. అప్పుడు బయటపడింది. ఆయన పొద్దున్న పదింటికే కిందకు దిగి, కండెన్సర్ నుంచి హాట్‌వెల్ అనే నీటి తొట్టిలోకి దిగే గొట్టాన్ని అరచేయి వెనక భాగంతో తాకి చూసేవారు. రోజూ అదే చోట, నడుం ఎత్తున. గొట్టం వేడి ఆయన లెక్కకు మించితే, కంట్రోల్ రూములో వాక్యూమ్ గేజ్ ఇంకా బాగానే చూపిస్తున్నా, ఫీడ్, అంటే లోపలికి పంపే నూనె, కొంచెం తగ్గించేవారు. కూలింగ్ టవర్ మీద నీరు సమంగా పడుతోందో లేదో చూడమని హెల్పర్‌ను పంపేవారు. నాజిల్ ఏదైనా పూడితే అప్పటికప్పుడు శుభ్రం చేయించేవారు. సాయంత్రం గాలి తిరిగాక ఫీడ్ మళ్లీ పెంచేవారు. మొత్తం మీద ఆ షిఫ్ట్ ఉత్పత్తి కాస్త తగ్గినట్టు కాగితం మీద కనిపించేది కానీ, రీప్రాసెస్ లెక్క తీస్తే లాభంలో ఉండేది ఆ షిఫ్టే.

‘గేజ్ బాగానే ఉందిగా, ఫీడ్ ఎందుకు తగ్గించారు మేస్త్రి గారూ?’ అని ట్రైనీ అడిగితే ఆయన చెప్పిన మాట: ‘గేజ్ చెప్పేసరికి అయిపోద్ది బాబూ. గొట్టం ముందే చెబుద్ది.’

అక్కడ రెండు పనులు చేశాం. గొట్టం మీద ఆయన చేయి పెట్టే చోటే ఒక థర్మామీటర్ పెట్టించాం. ఆయన ఫీడ్ తగ్గించిన ప్రతిసారీ ఆ అంకె రాసుకుని, కొన్ని వారాల్లో ఒక హద్దు తేల్చాం. ఆ హద్దు, దాటితే ఏం చేయాలి, ఎందుకు చేయాలి, ఇవన్నీ ఒక పేజీలో రాసి ప్యానెల్ పక్కన అతికించాం. పక్క షిఫ్ట్‌ల వాళ్లు మొదట్లో నమ్మలేదు. మరుసటి వేసవికి అందరూ ఆ పేజీ చూసే నడిపారు.

నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ అంటే ఆచరణలో నాకు తెలిసిన రూపం అదే. ఇక మీరు ఎలా చేయాలో చూద్దాం.

మొదట, ఎవరి దగ్గర ఏముందో కనిపెట్టండి. హెచ్‌ఆర్ నుంచి రిటైర్‌మెంట్ జాబితా తీసుకోండి కానీ దానితో ఆగకండి. అందులో హోదాలు ఉంటాయి, పనితనం ఉండదు. మన జిల్లాల్లో దీనికి ఒక తేలికైన పరీక్ష ఉంది. సంక్రాంతి వారంలో సగం మంది సెలవులో ఉంటారు. భోగి నుంచి ముక్కనుమ వరకు ప్లాంటు నుంచి ఎవరెవరికి ఫోన్లు వెళ్లాయో, ఏం అడగడానికి వెళ్లాయో షిఫ్ట్ ఇన్‌చార్జిలను రాయమనండి. కోడిపందేల దగ్గర ఉన్న మనిషికి నాలుగుసార్లు ఫోన్ వెళ్లిందంటే, ఆయన బుర్రలో తప్ప ఇంకెక్కడా లేని సంగతి ఒకటి ఉన్నట్టు. ఆ ఫోన్ల చిట్టా మీ మొదటి పనుల జాబితా అవుతుంది. ఏ కన్సల్టెంటు సర్వే కూడా అంత నిజం చెప్పదు. సంక్రాంతి దాకా ఆగలేకపోతే, మామూలు ఆదివారం రాత్రి షిఫ్ట్‌లతో మొదలుపెట్టండి.

ఆ చిట్టాలో మీరు ఊహించని పేర్లు వస్తాయి. స్టోర్స్‌లో పాత స్పేర్ పార్ట్ ఏ ర్యాకులో ఉందో, ఏ కంపెనీ బేరింగ్ ఈ పంపుకి సరిపోదో తెలిసిన గుమస్తా ఉండొచ్చు. హీట్ ఎక్స్‌చేంజర్లు విప్పి శుభ్రం చేసే కాంట్రాక్టు మేస్త్రి ఉండొచ్చు. కంపెనీ రోల్స్‌లో లేరని వీళ్లను వదిలేయకండి. కాంట్రాక్టర్ మారిన రోజున గ్యాంగు మొత్తం వెళ్లిపోతుంది. రిటైర్‌మెంటుకైనా తేదీ తెలుస్తుంది, దీనికి అదీ తెలియదు.

తర్వాత, మాట రాబట్టడం. పెద్దాయనను కాన్ఫరెన్స్ రూములో కూర్చోబెట్టి, వీడియో కెమెరా పెట్టి, ‘మీ ముప్ఫై ఏళ్ల అనుభవం చెప్పండి’ అంటే ఆయన సన్మాన సభలో మాట్లాడినట్టు మాట్లాడతారు. కష్టపడి పనిచేయాలి, క్రమశిక్షణ ఉండాలి అంటారు. ఆ వీడియో ఎవరికీ పనికిరాదు. ఆయన దాచుకుంటున్నారని కాదు. చేతికి వచ్చిన పని మాటకు రాదు. చేసేవాడికి అది మామూలు సంగతి. అందులో చెప్పాల్సింది ఏముందో ఆయనకే తెలియదు.

చక్కెర మిల్లులో ప్యాన్‌మన్‌ను చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. ప్యాన్‌లో సిరప్ ఉడుకుతుంటే ప్రూఫ్ స్టిక్‌తో కొంచెం బయటకు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి సాగదీస్తాడు. తీగ ఎంత సాగింది, ఎక్కడ తెగింది అన్నదాన్ని బట్టి పలుకు కట్టడానికి సమయం అయిందో లేదో చెబుతాడు. మన ఇళ్లలో అరిసెల పాకం చూసే పెద్దావిడ ఎలా చెప్పగలదో అలాంటిదే. ల్యాబ్‌లో కొలిచే పరికరాలు ఉన్నాయి, అయినా మంచి ప్యాన్‌మన్ వేళ్లను ఏ మేనేజరూ తేలిగ్గా తీసుకోడు. అతన్ని ‘ఎంత సాగాలి?’ అని అడిగితే ‘చేస్తే తెలుస్తుంది’ అంటాడు. నిజమే అంటున్నాడు. అలాంటి పనికి కాగితం సగమే. మిగతా సగం ఒక సీజన్ పాటు పక్కన నిలబడి, తన వేళ్లతో చూసి, ఆయన చేత ‘ఇంకా కాలేదు’ అనిపించుకోవడంలోనే వస్తుంది.

జపాన్‌లో మత్సుషిత (ఇప్పటి పానసోనిక్) కంపెనీ ఇంట్లో బ్రెడ్ చేసుకునే యంత్రం తయారుచేస్తూ పిండి సరిగా పిసకడం రాక ఇరుక్కుపోయింది. అప్పుడు వాళ్ల ఉద్యోగిని ఒకరు ఒసాకాలో పేరున్న హోటల్ బేకర్ దగ్గర శిష్యరికం చేసి, ఆయన పిండిని సాగదీస్తూ మెలితిప్పుతున్నాడని గమనించారు. ఇంజనీర్లు దాన్ని యంత్రంలోకి తెచ్చారు. జపాన్ మేనేజ్‌మెంట్ పండితుడు ఇకుజిరో నొనాకా ఈ సంగతిని తన రచనల్లో ప్రస్తావించాకే నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ చదివేవాళ్లందరికీ అది తెలిసింది. అక్కడ జరిగింది ఇంటర్వ్యూ కాదు, పక్కన నిలబడి చేసిన పని.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. అడిగేవాడు హెచ్‌ఆర్ మనిషి కాకూడదు, రేపు ఆ పని చేయబోయే కుర్రాడు కావాలి. అడిగే చోటు మెషీన్ పక్కన. అడిగే ప్రశ్నలు జరిగిన సంఘటనల మీద. ‘పోయిన ఏడు షట్‌డౌన్ తర్వాత స్టార్టప్‌లో ఎక్కడ ఇబ్బంది పడ్డారు?’ ‘కొత్తవాడిని ఒంటరిగా వదిలేస్తే మొదట ఎక్కడ తప్పు చేస్తాడు?’ ‘డ్యూటీకి రాగానే ముందు దేన్ని చూస్తారు, ఎందుకు?’ ‘ఏ శబ్దం వస్తే భయమేస్తుంది?’ ఇలా అడిగితే పెద్దాయనలు ఆగకుండా మాట్లాడతారు. ఫోన్‌లో రికార్డు చేసుకుని, అదే రోజు రాత్రి కుర్రాడు రాయాలి. మరుసటి రోజు ఆయనకు చదివి వినిపించాలి. ‘కాదు కాదు, అలా కాదు’ అని ఆయన అనే చోటే అసలు సరుకు దొరుకుతుంది.

రిటైర్‌మెంటుకు నెల ముందు ఇది మొదలుపెడితే ప్రయోజనం లేదండి. అప్పటికి ఆయన మనసు పీఎఫ్ కాగితాల మీద, కూతురి పెళ్లి మీద ఉంటుంది. పైగా వేసవి సమస్యను చలికాలంలో నేర్పలేం. కనీసం ఒక ఏడాది ముందు జత కట్టండి, ఎండ, వాన, చలి మూడూ ఇద్దరూ కలిసి చూడాలి. ఊక బాయిలర్లున్న ప్లాంటు అయితే ఇది మరీ ముఖ్యం. రైస్ మిల్లుల నుంచి వచ్చే ఊక వర్షాకాలంలో తడిసి వస్తే మంట తీరే మారిపోతుంది, ఆ సంగతి ఏప్రిల్‌లో ఎంత చెప్పినా కుర్రాడికి ఎక్కదు. రిటైర్ అయ్యాక కూడా ఆయనను నెలకు కొన్ని రోజులు సలహాదారుగా పిలిపించుకోవచ్చు. డబ్బు ఇచ్చి పిలవండి. మొహమాటానికి పిలిస్తే రెండుసార్లు వచ్చి మానేస్తారు.

రాసేటప్పుడు ‘ఎందుకు’ అన్నది తప్పనిసరి. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలనుంది, ఎందుకంటే ప్రాణాల విషయం ఇది.

బ్లీచింగ్ సెక్షన్‌లో, అంటే నూనె రంగు తీసే చోట, వాడేసిన ఎర్త్ (రంగును పీల్చే మట్టి) ఫిల్టర్ నుంచి రాలుతుంది. దాన్నే స్పెంట్ ఎర్త్ అంటారు. దానిలో బరువులో పావు వంతు దాకా నూనె మిగిలి ఉంటుంది. పొద్దుతిరుగుడు, సోయా లాంటి నూనెలైతే (వీటినే సాఫ్ట్ ఆయిల్ అంటారు) ఆ మట్టి గాలి తగిలి తనంతట తానే వేడెక్కుతుంది. కుప్పగా పోసి వదిలేస్తే ఏ నిప్పూ అవసరం లేకుండా రాజుకుంటుంది. పామాయిల్ మట్టి అంత తొందరగా అంటుకోదు. అందుకే పామాయిల్ మీద ఏళ్లు గడిపినవాళ్లకు ఈ భయం ఉండదు. నేను చూసిన ఒక ప్లాంటులో ఎస్‌ఓపీలో ఒక వాక్యం ఉండేది: ‘సాఫ్ట్ ఆయిల్ నడిపినప్పుడు స్పెంట్ ఎర్త్‌ను వెంటనే తరలించాలి.’ అంతే. ఎందుకో రాయలేదు. అది రాయించిన తరం వెళ్లిపోయింది. కొత్తగా వచ్చినవాళ్లు ట్రాక్టర్ ఖర్చు తగ్గించడానికి రెండు రోజుల మట్టి ఒకచోట పోగేయడం మొదలుపెట్టారు. ఒక రాత్రి ఆ కుప్ప పొగలు కక్కింది. సమయానికి చూశారు కాబట్టి షెడ్డు నిలబడింది, ఎవరికీ ఏమీ కాలేదు.

బ్రిటన్‌లో ఐసీఐ అనే రసాయనాల కంపెనీకి భద్రతా సలహాదారుగా పనిచేసిన ట్రెవర్ క్లెట్జ్ జీవితమంతా ఇదే చెప్పారు. ఒకే కంపెనీలో ఒకే రకం ప్రమాదం కొన్నేళ్ల తేడాతో మళ్లీ జరుగుతుంది, ఎందుకంటే మొదటిసారి చూసినవాళ్లు వెళ్లిపోతారు. ప్రతి నిబంధన పక్కనా అది ఎందుకు పెట్టారో, ఏ ప్రమాదం వల్ల పెట్టారో రాయమని ఆయన సూచన. కారణం తెలియని నియమాన్ని ఖర్చు తగ్గించే మొదటి మేనేజర్ కొట్టేస్తాడు. మీ ఒక్క పేజీలో మూడే భాగాలు ఉండనివ్వండి: ఏం కనిపిస్తే, ఏం చేయాలి, ఎందుకు. కింద చెప్పినవారి పేరు, రాసినవారి పేరు, మళ్లీ సరిచూడాల్సిన తేదీ. పంపు మారినా, పైపు మారినా, ముడిసరుకు మారినా ఆ మార్పు కాగితం మీద సంతకం పెట్టేటప్పుడే ఈ పేజీ కూడా మార్చాలన్న నియమం పెట్టండి. లేకపోతే రెండేళ్లలో పేజీ అబద్ధమవుతుంది. ఒక్కసారి అబద్ధం చెప్పిన పేజీని ఆపరేటర్ మళ్లీ నమ్మడు.

భాష గురించి ఒక మాట. మెషీన్ సప్లయర్ ఇంగ్లీషు మాన్యువల్‌ను గ్రాంథిక తెలుగులోకి తర్జుమా చేయించి ‘కవాటము మూసివేయవలెను’ అని రాయిస్తే ఎవరూ చదవరు. వాల్వు అనే రాయండి, గ్లాండు లీకేజీ అనే రాయండి. ఐటీఐ చదివిన కుర్రాడు పక్కవాడితో ఎలా మాట్లాడతాడో అలా. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన గ్యాంగులు ఉన్నచోట మాటకంటే ఫోటో మేలు: సరిగా ఉన్నది ఒకటి, తప్పుగా ఉన్నది ఒకటి, పక్కపక్కన.

ఇక ఖర్చు లేకుండా వెంటనే చేయగలిగిన పని షిఫ్ట్ మార్పిడి. పొద్దున్న ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. రోజుకు మూడుసార్లు ఒకరి బుర్రలో ఉన్నది ఇంకొకరికి అందాల్సిన సమయాలు అవి. లాగ్ బుక్ తెరిచి చూడండి, పేజీల కొద్దీ ‘నార్మల్’ అని ఉంటుంది. బస్సు అందుకోవాలన్న తొందరలో గేటు దగ్గరే ఇద్దరూ దాటుకుంటారు. పది నిమిషాలు ఇద్దరూ ప్యానెల్ ముందు నిలబడి మాట్లాడుకునేలా టైమ్ సర్దండి, ఆ పది నిమిషాలకు జీతం ఇవ్వండి. లాగ్‌లో ‘ఈరోజు మామూలుగా లేనిది ఏమిటి, ఏం చేశాను, వచ్చేవాడు దేని మీద కన్నేయాలి’ అని మూడు గడులు పెట్టండి. షిఫ్ట్ ఇన్‌చార్జి రోజూ చదివి, పనికొచ్చిన మాట కింద గీత గీయాలి. ఎవరూ చదవని లాగ్‌లో ఎవరూ నిజం రాయరు.

అసలు చిక్కు మాత్రం వీటన్నిటికంటే లోతైనది. మనుషులు ఎందుకు చెప్పాలి? నా పని ఇంకొకరికి వచ్చేస్తే నన్ను ఎందుకు ఉంచుతారన్న భయం ప్రతి షాప్‌ఫ్లోర్‌లోనూ ఉంటుంది. ఆ భయం తప్పు కాదు. రాయించుకున్న మరుసటి నెల ఒక మనిషిని తీసేస్తే, ఇక పదేళ్ల వరకు మీకు ఎవరూ నోరు విప్పరు. మొదలుపెట్టే ముందే యాజమాన్యం చేత ఒక మాట చెప్పించండి, యూనియన్ నాయకుల ఎదురుగా చెప్పించండి: ఈ పని వల్ల ఎవరి ఉద్యోగమూ పోదు. చెప్పించలేకపోతే ఈ ప్రాజెక్టు మొదలుపెట్టవద్దనే నా సలహా. అలాగే తప్పు జరిగిన సంగతి రాసినవాడికి మెమో ఇస్తే, ఆ తర్వాత రికార్డుల్లో తప్పులు ఉండవు, ప్లాంటులో ఉంటాయి.

నగదు బహుమతులు వద్దు. ఒక సూచనకు ఇంత అని పెడితే నెలాఖరుకు సూచనలు కుప్పలుగా వస్తాయి, వాటిని వడపోయడానికి ఇంకో మనిషి కావాలి. జిరాక్స్ కంపెనీ 1990లలో తన కాపీయర్ రిపేర్ టెక్నీషియన్ల కోసం యురేకా అనే ఏర్పాటు చేసింది. టెక్నీషియన్ తాను కనిపెట్టిన చిట్కా పంపితే, సాటి టెక్నీషియన్లే దాన్ని పరీక్షించి, అతని పేరుతోనే అందరికీ అందుబాటులో పెట్టేవారు. దానికి ముందు జూలియన్ ఓర్ అనే మానవశాస్త్రవేత్త ఆ టెక్నీషియన్ల వెంట తిరిగి, వాళ్లు మాన్యువల్ కంటే ఒకరికొకరు చెప్పుకునే కథల నుంచే ఎక్కువ నేర్చుకుంటున్నారని గమనించారు. మీరూ నగదుకు బదులు, చెప్పినవాడి పేరు పెట్టడమే పట్టుకోండి. మేస్త్రి గారి పేరు ప్యానెల్ పక్కన ఆ పేజీ మీద ఉండటం చూసి, రిటైర్‌మెంట్ రోజున ఆయన మనవడిని తెచ్చి చూపించారు. మిగతా సీనియర్లు తమ మాటలు కూడా రాయమని వాళ్లంతట వాళ్లే వచ్చారు.

వాట్సాప్ గ్రూపుల సంగతి. మీ ప్లాంట్లలో ఇప్పటికే పది పదిహేను గ్రూపులు నడుస్తుంటాయి, బ్రేక్‌డౌన్ ఫోటోలు, వాయిస్ మెసేజ్‌లు అన్నీ వాటిలోనే. ఐటీ వాళ్లు మూసేయమంటారు. మూయకండి. ప్రతి గ్రూపుకీ ఒక మనిషిని పెట్టి, వారానికొకసారి పనికొచ్చినవాటిని ఎక్విప్‌మెంట్ నంబరు వారీగా తీసి దాచమనండి. ఫార్ములాలు, కస్టమర్ వివరాలు, కంట్రోల్ సిస్టమ్ పాస్‌వర్డ్‌ల లాంటివి మాత్రం గ్రూపుల్లోకి రాకూడదని గట్టిగా చెప్పండి.

ఇలా ఎక్విప్‌మెంట్ నంబరు వారీగా రెండు మూడు వందల పేజీలు పోగై, జనం వెతుక్కోవడం మొదలుపెట్టాక సాఫ్ట్‌వేర్ కొనండి. అప్పటికి మీకు ఏం కావాలో మీకే తెలుస్తుంది, కన్సల్టెంట్ చెప్పక్కర్లేదు. క్యూఆర్ కోడ్ మెషీన్ మీద అతికించి ఫోన్‌తో చూసుకునే ఏర్పాటు బాగుంటుంది. కానీ తేలిగ్గా అంటుకునే హెక్సేన్ వాడే సాల్వెంట్ ప్లాంటు లాంటి చోట్ల మామూలు ఫోన్ లోపలికి తీసుకెళ్లకూడదు. అక్కడ లామినేట్ చేసిన కాగితమే సరైనది. డాక్యుమెంట్లన్నీ ఏఐకి ఇచ్చేస్తే అదే జవాబు చెబుతుందని కూడా మీ కన్సల్టెంట్ అని ఉంటారు. వెతకడానికి అది నిజంగా సాయపడుతుంది. జవాబుతో పాటు ఏ పేజీ నుంచి తీసిందో చూపించేదే తీసుకోండి. పర్మిట్లు (పని అనుమతులు), ఐసొలేషన్ (రిపేరుకు ముందు లైను పూర్తిగా మూసేయడం) లాంటి ప్రాణాల మీదకు వచ్చే పనుల్లో మాత్రం దాని మాట మీద ఎవరినీ వాల్వు తిప్పనివ్వకండి.

నాలుగు ప్లాంట్ల మధ్య పంచుకోవడం గురించి: ఒకచోట పనిచేసింది ఇంకోచోట యథాతథంగా అతికించవద్దు. హైదరాబాద్ వైపు పొడి గాలిలో 40 డిగ్రీల ఎండలో కూడా కూలింగ్ టవర్ నీరు చల్లగా వస్తుంది. అక్కడి వేసవి సెట్టింగులు కాకినాడకు తెచ్చి పెట్టి దెబ్బతిన్నవాళ్లను చూశాను. పేజీ పంపే బదులు మనిషిని పంపండి. నాలుగు ప్లాంట్ల బాయిలర్ వాళ్లు, నాలుగు ప్లాంట్ల మెకానికల్ వాళ్లు మూడు నెలలకొకసారి ఒక్కో ప్లాంటులో కలిసి, ఒక్కొక్కరూ ఒక బ్రేక్‌డౌన్ గురించి చెప్పుకుంటే చాలు. టాటా స్టీల్ 1999లో నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ మొదలుపెట్టి, ఇలాంటి వృత్తి బృందాల మీదే చాలావరకు నడిపింది. మీ కంపెనీ పరిమాణానికి అంత పెద్ద యంత్రాంగం అక్కర్లేదు, పద్ధతి మాత్రం తీసుకోవచ్చు.

యాజమాన్యానికి ఏం చూపించాలి అన్నారు. ఎన్ని డాక్యుమెంట్లు, ఎన్ని లాగిన్లు అన్న అంకెలు చూపించకండి, వచ్చే ఏడు వాటినే టార్గెట్ చేస్తారు. మీరు ఎంచుకున్న సమస్యకు ముందు ఏడాది ఎంత రీప్రాసెస్, ఎన్ని గంటల డౌన్‌టైమ్, ఈ ఏడాది ఎంత అన్నది చూపించండి. ఒకే కారణంతో మళ్లీ వచ్చిన బ్రేక్‌డౌన్లు ఎన్ని, షట్‌డౌన్ తర్వాత మంచి సరుకు రావడానికి ఎంత సమయం పట్టింది, సెలవులో ఉన్నవాళ్లకు ఎన్ని ఫోన్లు వెళ్లాయి, ఇవి నిజం చెప్పే కొలతలు. మొత్తం మెరుగుదల మీదేనని చెప్పుకోకండి. అదే ఏడాది కూలింగ్ టవర్ ఫిల్స్ (లోపల నీటిని పరిచే పలకలు) మార్చి ఉంటే ఆ సంగతీ అదే స్లైడ్‌లో రాయండి. ఫైనాన్స్ వాళ్లు మిమ్మల్ని నమ్మేది అప్పుడే.

ఐఎస్‌ఓ గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు అడుగుతారు. నాణ్యత ప్రమాణమైన ఐఎస్‌ఓ 9001లో 2015 నుంచి 7.1.6 అనే క్లాజు ఉంది. పనికి అవసరమైన జ్ఞానం ఏమిటో కంపెనీ గుర్తించి, కాపాడి, అవసరమైనవారికి అందుబాటులో ఉంచాలని దాని సారం. పైన చెప్పిన పేజీలు, జతల జాబితా చూపిస్తే ఆడిటర్‌కు సరిపోతాయి. 2018లో నాలెడ్జ్ మేనేజ్‌మెంట్‌కే ప్రత్యేకంగా ఐఎస్‌ఓ 30401 వచ్చింది. మొదటి ఏడాది దాని జోలికి వెళ్లవద్దు. సర్టిఫికెట్ పని పెట్టుకుంటే మీ జట్టు మొత్తం కాగితాల్లో మునిగిపోతుంది.

మీ ఏడాది గడువులో ఎంత అవుతుందంటే: మొదటి రెండు నెలలు వెతుకులాటకూ, యాజమాన్యం చేత ఆ ఉద్యోగాల మాట చెప్పించడానికీ. తర్వాత ఆరు నెలలు ఒక సెక్షన్‌లో మూడు నాలుగు జతలు. మిగిలిన నాలుగు నెలల్లో ఇంకో సెక్షన్, వీలైతే తణుకు ప్లాంటులో ఒకటి. నాలుగు ప్లాంట్లలో ఒకేసారి ప్రారంభోత్సవాలు చేయమని ఒత్తిడి వస్తుంది, ఒప్పుకోకండి. జట్టు కూడా పెద్దది వద్దు. మీరు, షాప్‌ఫ్లోర్‌లో గౌరవం ఉన్న ఒక సీనియర్ ఫోర్‌మన్, చకచకా తెలుగు రాయగల ఒకరిద్దరు కుర్ర ఇంజనీర్లు చాలు. ఆ ఫోర్‌మన్‌ను మాత్రం పార్ట్ టైముగా ఇస్తామంటే తీసుకోకండి. బ్రేక్‌డౌన్ వచ్చిన ప్రతిసారీ వెనక్కు లాక్కుంటారు. ఈ పనికి పూర్తిగా విడుదల చేస్తున్నట్టు ప్లాంట్ హెడ్ సంతకంతో కాగితం తీసుకున్నాకే మొదటి జతను మొదలుపెట్టండి.